పోలీసు అదుపులో ఉన్న మనిషిని కొడితే: తొలి గంట నుంచి ఏం చేయాలి, ఏ కాగితం సంపాదించాలి

అనుమానితుణ్ణి కొట్టే అధికారం మన దేశంలో ఏ చట్టమూ ఏ పోలీసు అధికారికీ ఇవ్వలేదు. ఆరోపణ చిల్లర దొంగతనమైనా, హత్య అయినా ఈ విషయంలో తేడా లేదు. అయినా స్టేషన్లలో దెబ్బలు పడుతూనే ఉన్నాయి. వాటి మీద ఫిర్యాదులు కోర్టు దాకా వెళ్లినా తరచుగా ఒకే చోట వీగిపోతున్నాయి. మనిషిని ఎన్ని గంటలకు తీసుకెళ్లారో, అప్పుడు ఒంటి మీద గాయం లేదని ఎవరు చూశారో, తర్వాత కనిపించిన గాయాలను ఏ డాక్టరు రాశారో చూపే కాగితం ఫిర్యాదుదారు చేతిలో ఉండదు. అందువల్ల హక్కుల జాబితా కంటే ఏ గంటలో ఏ పని చేయాలి, దానికి ఏ రుజువు మిగుల్చుకోవాలి అన్నదే ఇక్కడ ముఖ్యంగా చెబుతున్నాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ ఇదే చట్టం వర్తిస్తుంది.

ముందుగా ఒక మాట గుర్తుంచుకోండి. 2024 జూలై 1 నుంచి అరెస్టు, విచారణ పద్ధతులు చెప్పే సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్), నేరాలు, శిక్షలు చెప్పే ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్), సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ అమల్లోకి వచ్చాయి. స్టేషన్లలోనూ కోర్టుల ఆవరణలోనూ ఇంకా పాత సెక్షన్ల నంబర్లే చాలామంది నోట వినిపిస్తాయి కాబట్టి, అవసరమైన చోట రెండూ చెబుతాను. చట్టం పేరు లేకుండా సెక్షన్ అని మాత్రమే రాస్తే అది బీఎన్‌ఎస్‌ఎస్‌దని గుర్తుంచుకోండి.

స్టేషన్‌కు రమ్మని ఫోను వస్తే

ఫోనులో "ఒకసారి వచ్చి పో" అనడం నోటీసు కాదు. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో అవసరం ఉంటే తప్ప అరెస్టు చేయకూడదని, ముందు హాజరు నోటీసు ఇవ్వాలని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. పాత 41-ఎ నోటీసు ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) కిందికి వచ్చింది. ఈ నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు మళ్లీ గుర్తుచేసింది. కాబట్టి క్రైం నంబరు, సెక్షన్లు, అధికారి పేరు ఉన్న నోటీసును కాగితం మీద ఇవ్వమని మర్యాదగా అడగండి. నోటీసు అందాక మాత్రం తప్పక హాజరవ్వండి, ఎందుకంటే హాజరు కాకపోవడమే అరెస్టుకు కారణం అవుతుంది. వెళ్లేటప్పుడు ఒంటరిగా వెళ్లకండి. వెంట వచ్చినవారిని లోపలికి రానివ్వకపోయినా వారు గేటు బయట ఉంటే చాలు, మీరు ఎన్ని గంటలకు లోపలికి వెళ్లారో చెప్పడానికి సాక్షి ఉంటారు.

సాక్షిగా విచారించడానికి మహిళలను, పదిహేనేళ్ల లోపు మగపిల్లలను, అరవై దాటిన పురుషులను, వికలాంగులను, తీవ్రమైన అనారోగ్యంతో ఉన్నవారిని స్టేషన్‌కు పిలిపించకూడదు. వారు ఉంటున్న చోటికే వచ్చి అడగాలి. ఇది బీఎన్‌ఎస్‌ఎస్ 179లో ఉంది. కొడుకు దొరకలేదని తల్లిని, భర్త దొరకలేదని భార్యను తెచ్చి బెంచీ మీద కూర్చోబెట్టడం మన వైపు పాత అలవాటు. దానికి చట్టంలో ఏ ఆధారమూ లేదు.

ఇంటికి వచ్చి తీసుకెళ్తుంటే

మొదట గడియారం చూడండి. సమయం, తేదీ, వాహనం నంబరు, వచ్చినవారి పేర్లు, హోదాలు వెంటనే రాసి, ఇంట్లో ఒకరి ఫోను నుంచి మరొకరికి సందేశంగా పంపండి. అలా పంపితే ఆ సమయం దానంతటదే నమోదవుతుంది. అరెస్టు చేసే అధికారి తన పేరు స్పష్టంగా కనిపించేలా ధరించాలి. అరెస్టు మెమో రాయాలి, దాని మీద కుటుంబ సభ్యుడో ఆ ప్రాంతంలోని పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి, అరెస్టయిన వ్యక్తి కూడా సంతకం చేయాలి. 1996 డిసెంబరులో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పిన పదకొండు సూత్రాల్లో ఇదొకటి. ఇప్పుడు ఇది బీఎన్‌ఎస్‌ఎస్ 36లో చట్టంగానే ఉంది. మెమో మీద రాసిన సమయం తప్పయితే సంతకం పక్కనే అసలు సమయం రాయండి, రాయనివ్వకపోతే ఆ సంగతి మీ దగ్గర రాసిపెట్టుకోండి.

ఎంత బలం వాడవచ్చు అన్నది ఇక్కడే తేలుతుంది. మాటతోనో చేతలతోనో లొంగిపోయిన మనిషిని తాకాల్సిన అవసరం కూడా లేదని చట్టం చెబుతోంది. ఎదురుతిరిగితే, పారిపోబోతే మాత్రమే అవసరమైన బలం వాడవచ్చు (సెక్షన్ 43), అదీ తప్పించుకోకుండా ఆపడానికి కావలసినంతే (సెక్షన్ 46). అంటే పట్టుబడిన మనిషి అదుపులోకి వచ్చాక పడే ప్రతి దెబ్బా చట్టం దాటినదే. అలాగని మీరు అడ్డుపడి తోపులాటకు దిగకండి. విధుల్లో ఉన్న పోలీసుపై చేయి వేశారని బీఎన్‌ఎస్ 132 (పాత 353) కింద మీ మీదే కేసు పెడితే, అసలు విషయం పక్కకు పోయి మీ కోసం మరో వకీలును వెతుక్కోవాల్సి వస్తుంది.

మహిళను అరెస్టు చేసేటప్పుడు మహిళా పోలీసు తప్ప మరెవరూ తాకకూడదు. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు మహిళను అరెస్టు చేయాలంటే అసాధారణ కారణం ఉండాలి, మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి ఉండాలి, మహిళా అధికారే చేయాలి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలైతే లాకప్‌లో అసలు పెట్టకూడదు. ఇరవై నాలుగు గంటల్లో బాలల న్యాయమండలి ముందు హాజరుపరచాలి. వయసు రుజువు కోసం పదో తరగతి సర్టిఫికెట్‌నో జనన ధ్రువపత్రాన్నో అదే రోజు స్టేషన్‌కు తీసుకెళ్లండి.

"ఇంకా అరెస్టు చేయలేదు" అని చెబితే

అన్నిటికంటే ఎక్కువ ప్రమాదం ఈ దశలోనే ఉంది. మనిషి మూడు రోజుల నుంచి స్టేషన్‌లో ఉంటాడు, కాగితం మీద మాత్రం నాలుగో రోజు తెల్లవారుజామున ఏ బస్టాండులోనో అనుమానాస్పదంగా తిరుగుతుంటే పట్టుకున్నట్టు రాస్తారు. మన వాడుకలో దీన్నే "అరెస్టు చూపించడం" అంటారు. దెబ్బలు ఎక్కువగా పడేది పట్టుకున్న రోజుకూ చూపించిన రోజుకూ మధ్యనే. రాజ్యాంగం 22(2) అధికరణ ప్రకారం ప్రయాణ సమయం మినహాయించి ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. ఆ గడువు మనిషిని అదుపులోకి తీసుకున్న క్షణం నుంచే మొదలవుతుందని, రికార్డులో అరెస్టు రాసుకున్న గంట నుంచి కాదని తెలంగాణ హైకోర్టు కూడా ఒక కేసులో తేల్చింది.

ఒకప్పుడు పౌరహక్కుల సంఘాలవారు ఇలాంటి కబురు అందగానే పోస్టాఫీసుకు పరుగెత్తి ఎస్పీకి, కలెక్టరుకు, హైకోర్టుకు టెలిగ్రాములు ఇచ్చేవారు. దాని మీద పడిన సమయం తర్వాత కోర్టులో పనికొచ్చేది. 2013లో టెలిగ్రాం సేవ ఆగిపోయింది కానీ ఆ పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. ఫలానా వ్యక్తిని ఫలానా తేదీన ఇన్ని గంటలకు ఫలానా స్టేషన్ వారు తీసుకెళ్లారు, ఇంతవరకు కారణం చెప్పలేదు, ప్రాణానికి ప్రమాదం ఉందని భయపడుతున్నాం అని నాలుగు వాక్యాలు రాసి ఎస్పీ లేదా కమిషనర్ కార్యాలయానికి, ఆ స్టేషన్ పరిధిలోని మేజిస్ట్రేట్ కోర్టుకు, మానవ హక్కుల కమిషన్‌కు ఈమెయిల్ చేయండి. అవే మాటలు స్పీడ్‌పోస్టులో కూడా పంపి రసీదు దాచండి. 112కు ఫోను చేసి చెబితే ఆ కాల్ కూడా నమోదవుతుంది. ఫిర్యాదులో తిట్లు, రాజకీయాలు, ఊహలు వద్దు. చూసినదాన్ని మాత్రమే రాయండి.

ప్రతి స్టేషన్‌లోనూ, జిల్లా స్థాయిలోనూ అరెస్టయినవారి వివరాలు చెప్పడానికి ఏఎస్సై హోదాకు తగ్గని ఒక అధికారిని నియమించాలని బీఎన్‌ఎస్‌ఎస్ 37 చెబుతోంది. ఆ అధికారి ఎవరని అడగండి. స్టేషన్‌లో లేడంటే జిల్లా కంట్రోల్ రూంలో అడగండి. ఇరవై నాలుగు గంటలు దాటినా జాడ తెలియకపోతే రెండు దారులున్నాయి. స్థానిక మేజిస్ట్రేట్ దగ్గర సెక్షన్ 100 (పాత 97) కింద, అక్రమ నిర్బంధంలో ఉన్న మనిషి కోసం సోదా వారెంటు కోరుతూ దరఖాస్తు పెట్టవచ్చు. లేదా హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ (నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని కోరేది) వేయవచ్చు. నా అభిప్రాయంలో దూర జిల్లాల వారికి మొదటిది తొందరగా కుదిరే పని, అయినా దాన్ని వాడుకునేవారు తక్కువ.

స్టేషన్ లోపల ఉన్న మనిషికి

ఈ మాటలు ముందుగానే ఇంట్లో అందరికీ తెలిసి ఉండటం మంచిది, ఎందుకంటే లోపలికి వెళ్లాక చెప్పేవారు ఉండరు. పేరు, చిరునామా చెప్పండి. మిమ్మల్ని నేరంలో ఇరికించే ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉండే హక్కు రాజ్యాంగం 20(3) అధికరణ ఇచ్చింది. వకీలును కలవాలని అడగండి. విచారణ సాగినంతసేపూ ఆయన పక్కనే కూర్చోవడం కుదరకపోయినా, విచారణ మధ్యలో కలిసే హక్కు సెక్షన్ 38 కింద ఉంది. వకీలుకు డబ్బు లేకపోతే 15100కు ఇంటివారు ఫోను చేయాలి, లేదా జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్లాలి. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలి.

అరెస్టు కారణాలను రాతపూర్వకంగా, అర్థమయ్యే భాషలో ఇవ్వాలని సుప్రీంకోర్టు 2025 నవంబరులో అన్ని నేరాలకూ వర్తింపజేసింది. అరెస్టు సమయంలో ఇవ్వడం కుదరకపోతే, రిమాండ్‌కు హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందైనా ఆ కాగితం చేతికి రావాలి. ఇంగ్లీషులో ఇచ్చి సంతకం పెట్టమంటే తెలుగులో కావాలని అడగండి.

సంతకాల విషయంలో గట్టిగా ఉండండి. పోలీసులు రాసుకునే వాంగ్మూలంపై, చెప్పినవారు సంతకం చేయనక్కరలేదని చట్టమే అంటోంది (సెక్షన్ 181). తెల్లకాగితం మీద మాత్రం ఏ పరిస్థితిలోనూ సంతకం చేయకండి. ఒకవేళ దెబ్బలకు తాళలేక చేసినా కుంగిపోకండి. పోలీసు ముందు చేసిన నేరాంగీకారం రుజువుగా చెల్లదు. దాని ఆధారంగా ఏదైనా వస్తువు బయటపడితే ఆ మేరకు మాత్రమే లెక్కలోకి వస్తుంది. కొట్టి ఒప్పించడం వల్ల కేసుకు ఒరిగేది తక్కువని పోలీసులకూ తెలుసు. అయినా "రికవరీ" కోసం, అంటే పోయిన సొత్తు రాబట్టడం కోసం కొడతారు. అందుకే దొంగతనం కేసుల్లో అనుమానితుల కుటుంబాలు మరింత జాగ్రత్తగా ఉండాలి. 2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు స్టేషన్‌లో చనిపోయిన దళిత మహిళ మీద ఉన్నది దొంగతనం ఆరోపణే. 2023 ఆరంభంలో మెదక్ పోలీసులు పట్టుకెళ్లి కొట్టారన్న ఆరోపణల నడుమ ఆసుపత్రిలో చనిపోయిన కూలీని అనుమానించిందీ గొలుసు దొంగతనంలోనే.

మేజిస్ట్రేట్ ముందు ఆ రెండు నిమిషాలు

పోలీసు కస్టడీకి ఇవ్వాలంటే నిందితుణ్ణి స్వయంగా మేజిస్ట్రేట్ ఎదుట నిలబెట్టాల్సిందే, వీడియోలో చూపితే సరిపోదు. ఆదివారమైనా, రాత్రయినా మేజిస్ట్రేట్ ఇంటి దగ్గరే హాజరుపరుస్తారు కాబట్టి వకీలును ముందే సిద్ధంగా ఉంచండి. మేజిస్ట్రేట్ సాధారణంగా "పోలీసులు కొట్టారా?" అని అడుగుతారు. "ఏమీ లేదని చెప్పు, లేకపోతే మళ్లీ మా దగ్గరికే వస్తావు" అని దారిలో బెదిరించి ఉంటారు. నిజానికి ఇక్కడ చెప్పకపోతేనే మళ్లీ వారి చేతికి చిక్కే అవకాశం ఎక్కువ. అడగకపోయినా చెప్పండి. ఎవరు, దేనితో, ఒంటి మీద ఎక్కడ కొట్టారో, ఏ రోజు నుంచి స్టేషన్‌లో ఉన్నారో చెప్పండి. చొక్కా తీసి, అరికాళ్లు చూపించండి. చెప్పినదాన్ని రికార్డులో రాయమని, డాక్టరు దగ్గరకు పంపమని వకీలు చేత అడిగించండి. వకీలు లేకపోతే మీరే అడగండి. ఆ రోజు రాసిన ఒక్క వాక్యం నెల తర్వాత పెట్టిన పది పేజీల అఫిడవిట్ కంటే ఎక్కువగా నిలబడుతుంది. ఆ రోజు "కొట్టలేదు" అని నమోదైతే, తర్వాత ఎంత చెప్పినా ఎదుటి వకీలు మొదట ఎత్తి చూపేది దాన్నే.

రిమాండ్ తర్వాత కూడా ప్రమాదం పోలేదు. కొత్త చట్టం ప్రకారం పదిహేను రోజుల పోలీసు కస్టడీని ఒకేసారి కాకుండా, నేరాన్ని బట్టి మొదటి నలభై లేదా అరవై రోజుల్లో విడతలుగా కూడా అడగవచ్చు. పోలీసులు కస్టడీ పిటిషన్ వేస్తే, కనుచూపు దూరంలో వకీలు ఉండాలని, కస్టడీకి ముందూ తర్వాతా వైద్య పరీక్ష జరగాలని, థర్డ్ డిగ్రీ వాడకూడదని షరతులు కోరండి. మన కోర్టులు ఇలాంటి షరతులు పెట్టడం మామూలే, కానీ అడిగేవారు ఉండాలి.

గాయాలను నమోదు చేయించడం

అరెస్టయిన వెంటనే ప్రభుత్వ వైద్యుడితో పరీక్ష చేయించాలని, గాయాలను, అవి ఎప్పుడు తగిలి ఉంటాయో ఉజ్జాయింపు సమయాన్ని రాయాలని, ఆ నివేదిక ప్రతిని అరెస్టయిన వ్యక్తికో, ఆయన సూచించిన వారికో ఇవ్వాలని సెక్షన్ 53 చెబుతోంది. కస్టడీలో ఉన్నంతకాలం నలభై ఎనిమిది గంటలకొకసారి పరీక్ష జరగాలన్నది బసు తీర్పు. ఆచరణలో ఏమవుతుందంటే, ఏరియా ఆసుపత్రి క్యాజువాలిటీలో పోలీసు పక్కన నిలబడి ఉండగా డాక్టరు మనిషిని సరిగా చూడకుండానే "బాహ్య గాయాలు లేవు" అని రాసేస్తారు. పోలీసును తలుపు అవతల ఉండమని డాక్టరును అడగండి. దెబ్బ తగిలిన ప్రతి చోటూ చెప్పి, ఒక్కొక్కటిగా రాయమనండి.

ఈ పరీక్ష ఎంత కీలకమో 2021 మేలో అప్పటి నరసాపురం ఎంపీ రఘురామ కృష్ణరాజు కేసులో తెలిసింది. సీఐడీ కస్టడీలో తనను కొట్టారని ఆయన మేజిస్ట్రేట్‌కు చెప్పారు. గుంటూరులో వైద్యుల బృందం ఇచ్చిన నివేదికకూ, సుప్రీంకోర్టు ఆదేశంతో సికింద్రాబాద్ సైనిక ఆసుపత్రి ఇచ్చిన నివేదికకూ పొంతన కుదరలేదు. రెండో దానిలో కాలి వేలి ఎముక విరిగినట్టు ఉంది. కస్టడీలో దురుసుగా ప్రవర్తించి ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేమంటూ సుప్రీంకోర్టు బెయిలు ఇచ్చింది. మొదటి నివేదిక మీద నమ్మకం లేకపోతే మరో ఆసుపత్రిలో పరీక్ష కోరడం ఎంపీలకు మాత్రమే ఉన్న సౌకర్యం కాదు. మేజిస్ట్రేట్‌కు రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి ఎవరైనా అడగవచ్చు.

బెయిలు మీదనో, కేసు లేకుండానో బయటికొచ్చినవారు ఇంటికి వెళ్లకుండా నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి మెడికో లీగల్ కేసుగా (పోలీసు, కోర్టు వ్యవహారానికి సంబంధించిన గాయాల కేసుగా) నమోదు చేయించండి. ప్రైవేటు ఆసుపత్రి కాగితం కూడా పనికొస్తుంది కానీ కోర్టులో దాన్ని తక్కువగా చూస్తారు. ఫొటోలు పగటి వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి, ముఖం కూడా ఒక ఫొటోలో వచ్చేలా తీయండి. కమిలిన చోట రంగు రోజురోజుకూ మారుతుంది కాబట్టి నాలుగైదు రోజుల పాటు మళ్లీ మళ్లీ తీయండి. అరికాళ్ల మీద, పిరుదుల మీద కొట్టినప్పుడు చర్మం చిట్లకుండానే లోపల కండ నలిగిపోతుంది. అలాంటప్పుడు మూత్రం టీ డికాషన్ రంగులో వస్తున్నా, బాగా తగ్గిపోయినా అది కిడ్నీలు దెబ్బతింటున్న లక్షణం. గంటలు లెక్కపెట్టకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లి రక్త, మూత్ర పరీక్షలు చేయించండి. ప్రాణం ముందు, కేసు తర్వాత. ఆ పరీక్షల కాగితాలు ఎలాగూ కేసుకు కూడా పనికొస్తాయి. జైలుకు పంపినట్టయితే, లోపలికి తీసుకునేటప్పుడు అక్కడి డాక్టరు రాసే గాయాల వివరాల ప్రతిని తర్వాత కోర్టు ద్వారా తెప్పించుకోవచ్చు.

కెమెరా దృశ్యాలు చెరిగిపోకముందే

పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు దేశంలోని అన్ని స్టేషన్లలో ప్రవేశ ద్వారం, లాకప్, నడవాలు, రిసెప్షన్, అధికారుల గదులు సహా సీసీ కెమెరాలు పెట్టాలని, మాటలు కూడా రికార్డు కావాలని, పద్దెనిమిది నెలలు లేదా పరికరం సామర్థ్యం లేకపోతే కనీసం ఏడాది దృశ్యాలు భద్రపరచాలని ఆదేశించింది. అదే ఏడాది తమిళనాడులోని సాత్తాన్‌కుళం స్టేషన్‌లో తండ్రీకొడుకుల మరణంపై విచారణకు వెళ్లిన మేజిస్ట్రేట్‌కు, అక్కడి కెమెరా దృశ్యాలు ఏ రోజువి ఆ రోజే చెరిగిపోయేలా అమర్చి ఉన్నట్టు కనిపించింది. కాబట్టి ఆలస్యం చేయకండి. ఏ తేదీ, ఏ గంట నుంచి ఏ గంట దాకా దృశ్యాలు భద్రపరచాలో స్పష్టంగా రాసి, ఎస్పీకి ఒకటి, మేజిస్ట్రేట్ కోర్టులో ఒకటి దరఖాస్తు వెంటనే పెట్టండి. తర్వాత "కెమెరా పనిచేయలేదు" అన్న జవాబు వచ్చినా, దృశ్యాల కోసం మీరు సకాలంలో అడిగారన్న సంగతి రికార్డులో ఉంటుంది. స్టేషన్ ఎదురుగా ఉన్న దుకాణాల కెమెరాలను మరిచిపోకండి. వాటిలో దృశ్యాలు చాలా తొందరగా చెరిగిపోతాయి.

ఫిర్యాదు ఎక్కడ, ఏమని

నేరం ఒప్పించడానికో, సొత్తు రాబట్టడానికో కొట్టడం బీఎన్‌ఎస్ 120 కింద నేరం. మామూలు గాయమైతే ఏడేళ్ల దాకా, తీవ్ర గాయమైతే పదేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. అక్రమ నిర్బంధం వేరే నేరం. అదే స్టేషన్‌లో కేసు కడతారని ఆశించడం అమాయకత్వమే అయినా, ఫిర్యాదు ఇచ్చి రసీదు అడగడం మానకండి. తీసుకోకపోతే సెక్షన్ 173(4) కింద ఎస్పీకి రాతపూర్వకంగా పంపండి. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేట్‌కు అఫిడవిట్‌తో దరఖాస్తు చేయండి. పబ్లిక్ సర్వెంటు మీద ఫిర్యాదు కాబట్టి మేజిస్ట్రేట్ పై అధికారి నివేదిక కూడా తెప్పించుకుంటారు. ప్రాసిక్యూషన్‌కు ప్రభుత్వ అనుమతి కావాలని అవతలివారు వాదిస్తారు. కొట్టడం అధికార విధుల్లో భాగం కాదన్నది దానికి మీ వకీలు ఇచ్చే జవాబు. ఈ వాదనకే ఒక్కోసారి ఏళ్లు పడతాయని తెలిసి దిగండి.

మానవ హక్కుల కమిషన్‌కు ఫీజు లేదు, వకీలు అక్కరలేదు, తెలుగులోనే రాయవచ్చు. ఘటన జరిగిన ఏడాది లోపు ఫిర్యాదు చేయాలి. రాష్ట్ర కమిషన్ ముందున్న విషయాన్ని జాతీయ కమిషన్ తీసుకోదు కాబట్టి, రెండింటిలో ఏది కావాలో ముందే నిర్ణయించుకోండి. కమిషన్ సిఫార్సు మాత్రమే చేయగలదు. నష్టపరిహారం గట్టిగా రాబట్టాలంటే హైకోర్టులో 226 అధికరణ కింద రిట్ వేయాలి. కస్టడీలో ప్రాణహానికి ప్రభుత్వమే పరిహారం చెల్లించాలని 1993లో నీలబతి బెహరా కేసులో సుప్రీంకోర్టు చెప్పినప్పటి నుంచి ఈ దారి తెరిచే ఉంది. "రాజీ పడితే కేసు తేలిక చేస్తాం" అని పెద్దమనుషుల ద్వారా కబురు వస్తే వకీలుతో మాట్లాడకుండా ఏ కాగితం మీదా వేలిముద్ర వేయకండి.

కస్టడీలో మరణం సంభవిస్తే

ఇక్కడ తొందరపెట్టేవారు చాలామంది ఉంటారు. పోలీసు విచారణకు తోడు జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ విచారణ తప్పనిసరి (సెక్షన్ 196, పాత 176). ఆ విచారణకు వీలైనంతవరకు బంధువులకు కబురు చేసి, హాజరు కానివ్వాలి. శవ పరీక్షకు ముందే మృతదేహాన్ని చూపించమని అడిగి గాయాలు గమనించండి. పరీక్షను వీడియో తీయమని మేజిస్ట్రేట్‌ను రాతపూర్వకంగా కోరండి. నివేదిక ప్రతి అడగండి. అనుమానం ఉన్నంతవరకు దహనం చేయకండి. అడ్డగూడూరు ఘటనలో హైకోర్టు ఆదేశంతో పాతిపెట్టిన మృతదేహాన్ని వెలికితీసి మళ్లీ శవపరీక్ష చేయగలిగారు. దహనం జరిగి ఉంటే ఆ ఆదేశానికి అర్థమే ఉండేది కాదు. పరిహారం చెక్కు, ఉద్యోగం హామీ ఎంత తొందరగా వచ్చినా, వాటికి బదులుగా శవ పరీక్ష మీద అభ్యంతరం లేదన్న కాగితంపై సంతకం అడిగితే చేయకండి.